సెకండ్ హ్యాండ్ ఫ్యామిలీ కారు: ఏ పెట్రోల్ ఇంజన్‌ని నమ్మొచ్చు?

ఈ ఎపిసోడ్ ఇంట్లోకి మొదటి కారు తీసుకుందాం అనుకుంటున్న వాళ్ల కోసం. పెనుబల్లి, కల్లూరు, సత్తుపల్లి, వేంసూరు వైపు ఉన్నవాళ్లకి ఇంకా బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇవాళ చెప్పేవన్నీ మన రోడ్లు, మన మెకానిక్‌లు, మన దగ్గరికి వచ్చే బళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్తున్నా.

మన దగ్గర కారు షోకు కోసం కొనేవాళ్లు తక్కువ. రాత్రి పదకొండింటికి ఇంట్లో పెద్దాయనకి ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి. పెద్ద ఆస్పత్రి కావాలంటే ఖమ్మం దాకా పోవాల్సిందే. కొత్తగూడెం, భద్రాచలం వైపు పోతే మధ్యలో అడవి రోడ్డు. అక్కడ బండి ఆగితే ఫోన్ సిగ్నల్ ఉంటదో ఉండదో కూడా తెలీదు. మిర్చి అమ్మిన డబ్బో, మామిడి తోట డబ్బో, బంగారం పెట్టి తెచ్చిన డబ్బో పోసి కొంటాం. ఆ కారు ఆర్నెల్లకే ఇంజన్ పనికి వస్తే రెండో లక్ష ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే కలర్, టచ్ స్క్రీన్, అల్లాయ్ వీల్స్ తర్వాత చూద్దాం. ముందు ఇంజన్.

ఇవాళ చెప్పేది మొత్తం ఒక్క మాటలో పెడతా. నమ్మకమైన ఇంజన్ అంటే మూడు ఉండాలి. ఒకటి, లోపల నిర్మాణం సింపుల్‌గా ఉండాలి. రెండు, మీ ఊరి మెకానిక్ దాన్ని ఇప్పటికే పదిసార్లు విప్పి ఉండాలి. మూడు, మీ ముందున్న ఆ బండికి ఆయిల్ టైముకి మార్చినట్టు రుజువు ఉండాలి. మొదటి రెండూ మోడల్‌ని బట్టి తెలుస్తాయి. మూడోది ఆ ఒక్క బండికే సంబంధించింది. చాలామంది మొదటి దాంట్లోనే ఆగిపోతారు. "ఫలానా కంపెనీ ఇంజన్ సూపర్ అన్నా" అని కొనేస్తారు. ఎంత సూపర్ ఇంజన్ అయినా ఆయిల్ మార్చకుండా 30 వేల కిలోమీటర్లు నడిపితే పోయినట్టే.

ముందు, పెట్రోలే ఎందుకు?

నెలకి వెయ్యి కిలోమీటర్ల లోపు తిరిగే ఇంటికి పెట్రోల్ చాలు. పాత డీజిల్‌లో ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో, ఏది పోయినా బిల్లు పెద్దది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక డీజిల్ బళ్లకి పొగ ఫిల్టర్ కూడా తోడైంది. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి తిరిగితే ఆ ఫిల్టర్ వేడెక్కదు, మసి నిండిపోతుంది. డీజిల్ ఇంజన్లని బీఎస్6కి మార్చే ఖర్చు చూసే మారుతి డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది.

మైలేజీ గురించి ఒక చిన్న లెక్క. నెలకి 800 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకోండి. 16 ఇచ్చే బండికి 50 లీటర్లు, అంటే 5,350 రూపాయలు. 18 ఇచ్చే బండికి దాదాపు నలభై నాలుగున్నర లీటర్లు, అంటే సుమారు 4,750. తేడా నెలకి 600, ఏడాదికి ఏడు వేల చిల్లర. ఒక్కసారి హెడ్ లేపి గ్యాస్కెట్, వాల్వ్ పని చేయించారంటే ఆ పొదుపు మొత్తం పోయి ఎదురు ఖర్చు పడుతుంది. కాబట్టి మైలేజీ ఒకటో రెండో తక్కువైనా పర్లేదు, కండిషన్ ఉన్న ఇంజన్ తీసుకోండి.

ఇంజన్ లోపల చూడాల్సిన నాలుగు సంగతులు

ఒకటి, టర్బో ఉందా లేదా. మామూలు ఇంజన్ గాలిని తనంతట తాను పీల్చుకుంటది. టర్బో ఇంజన్‌లో సైలెన్సర్ వైపు పోయే వేడి పొగతో ఒక ఫ్యాన్ లాంటిది తిరిగి, గాలిని బలవంతంగా లోపలికి తోస్తది. చిన్న ఇంజన్‌తో మంచి పికప్ వస్తది, డ్రైవింగ్ మజా ఉంటది. కానీ ఆ టర్బో నిమిషానికి లక్షసార్లకి పైగా తిరుగుద్ది, దానికి ఆధారం ఆయిలే. పాత ఓనర్ ఆయిల్ విషయంలో నిర్లక్ష్యం చేస్తే ముందు పోయేది అదే. కొత్తగా కొన్నవాడికి టర్బో ఓకే. ఎవరు ఎలా నడిపారో తెలీని పదేళ్ల బండిలో టర్బో అంటే రిస్క్ పెరిగినట్టే.

రెండు, పెట్రోల్ ఎక్కడ చల్లుతుంది. మామూలు పద్ధతిలో ఇంజెక్టర్ వాల్వ్ వెనకాల పెట్రోల్ చల్లుతుంది. పెట్రోలే వాల్వ్‌ని కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో నేరుగా సిలిండర్ లోపలికి, చాలా ఎక్కువ ప్రెషర్‌తో చల్లుతుంది. పవర్ బాగుంటుంది గానీ ఇన్‌టేక్ వాల్వ్ మీద కార్బన్ పేరుకుంటుంది, ఇంజెక్టర్లు, పంపు ఖరీదు కూడా ఎక్కువ. పాత బండిలో మామూలు పద్ధతే మేలు.

మూడు, టైమింగ్ చెయినా, బెల్టా. పిస్టన్ పైకి వచ్చే టైముకి వాల్వ్ మూసుకోవాలి. ఆ తాళం తప్పకుండా చూసేది టైమింగ్ చెయిన్ లేదా బెల్ట్. చెయిన్ ఇనుముది. ఆయిల్ సరిగా మారిస్తే చాలా కాలం వస్తది. బెల్ట్ రబ్బరుది. దానికి ఒక వయసు ఉంటది, మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకి మార్చాల్సిందే. మార్చకపోతే ఒకరోజు నడుస్తుండగా తెగుద్ది. చాలా ఇంజన్లలో తెగిన వెంటనే పిస్టన్ వెళ్లి వాల్వ్‌లకి కొట్టుకుంటది, వాల్వ్‌లు వంగిపోతాయి. బెల్ట్ ఉన్న బండి కొనొద్దని కాదు. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు రేటులో తగ్గించమనండి.

నాలుగు, మూడు సిలిండర్లా, నాలుగా. మూడు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో కొంచెం వణుకుతుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. నాలుగు సిలిండర్లది మెత్తగా ఉంటుంది. గట్టితనంలో రెండూ ఒకటే. కాకపోతే నాలుగు సిలిండర్ల ఇంజన్ వణుకుతుంటే మాత్రం అనుమానించండి. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడుతుండొచ్చు, లేదా ఇంజన్ మౌంట్ పోయి ఉండొచ్చు.

ఇప్పుడు పేర్లు చెప్పుకుందాం

మన పల్లెల్లో ఎక్కువ కనిపించేది మారుతి కె సిరీస్. 998 సీసీ, మూడు సిలిండర్లది కె10. 2010 నుంచి వచ్చిన వ్యాగనార్, ఆల్టో కె10 బళ్లలో ఉంటది. 1197 సీసీ, నాలుగు సిలిండర్లది కె12. రిట్జ్, స్విఫ్ట్, డిజైర్, బాలెనోలో చూస్తాం. రెండిటికీ టైమింగ్ చెయినే, రెండిటికీ టర్బో లేదు. ఏడుగురు ఎక్కే బండి కావాలంటే ఎర్టిగా. 2012 నాటి మొదటి ఎర్టిగాలో 1373 సీసీ కె14, 2018 నుంచి వచ్చిన దాంట్లో 1462 సీసీ కె15. ఇవి మెకానిక్‌లకి కంఠతా వచ్చిన ఇంజన్లు.

ఆల్టో 800 వేరు, కన్ఫ్యూజ్ అవ్వకండి. అందులోది 796 సీసీ పాత ఇంజన్, దానికి బెల్ట్ ఉంటది. గట్టి ఇంజనే, పని కూడా చవకే. బెల్ట్ సంగతి మాత్రం అడగండి. 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌లోని 1.3 ఇంజన్‌కీ బెల్టే.

హ్యుందాయ్‌లో 1.2 కప్పా ఇంజన్. ఐ10, ఐ20, గ్రాండ్ ఐ10లో ఉంటది. నాలుగు సిలిండర్లు, చెయిన్, మెత్తగా నడుస్తది. పాత శాంత్రో, మొదటి ఐ10లోని 1.1 ఇంజన్‌కి బెల్ట్. ఐ10 కొనేటప్పుడు 1.1 నా, 1.2 నా అని ఆర్సీలో సీసీ చూస్కోండి. 1086 ఉంటే బెల్ట్, 1197 ఉంటే చెయిన్.

హోండాలో 1.2, 1.5 ఐవీటెక్. బ్రియో, అమేజ్, జాజ్‌లో 1.2. సిటీలో 1.5. చెయిన్ ఇంజన్లు, చాలా శుభ్రంగా నడుస్తాయి. వీటికి ట్యాపెట్ గ్యాప్‌ని స్క్రూతో సెట్ చేస్తారు. కొన్ని వేల కిలోమీటర్లకోసారి అది చెక్ చేయించాలి. టిక్కు టిక్కుమని సౌండ్ వస్తుంటే ఇంజన్ పోయిందని భయపడొద్దు, ముందు ట్యాపెట్ సెట్టింగ్ చేయించి చూడండి.

టయోటా ఎటియోస్ 1.5, లివా 1.2. ఎటియోస్ 2010 చివర్లో, లివా 2011లో వచ్చి, 2020లో ఆగిపోయాయి. పెట్రోల్ ఇంజన్ చెయిన్‌ది, సింపుల్‌ది. లోపల ప్లాస్టిక్ అంత అందంగా ఉండదు, ఇంజన్ మాత్రం మొండి ఘటం. ఒక జాగ్రత్త ఏంటంటే ఎటియోస్ చాలా ట్యాక్సీలుగా తిరిగాయి. ఎల్లో బోర్డు నుంచి వైట్ బోర్డుకి మార్చిన బండా అని పాత కాగితాల్లో చూడండి.

టాటా టియాగోలో 1199 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో లేదు. రెనో క్విడ్‌లో 799, 999 సీసీ ఇంజన్లు. బడ్జెట్ తక్కువైతే చూడొచ్చు. అయితే పని తెలిసినవాళ్లు, పార్టులు మీకు ఎంత దూరంలో ఉన్నాయో ముందు కనుక్కోండి.

మరి ఫోక్స్‌వ్యాగన్ టర్బో, ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్? నడపడానికి భలే ఉంటాయి. ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. తప్పు ఆయిల్ పోస్తే బెల్టే పాడవుతుంది. ఆ పొడి వెళ్లి ఆయిల్ జాలీలో ఇరుక్కుంటది. పైగా షెవ్రొలే 2017 చివర్లో, ఫోర్డ్ 2021లో ఇండియాలో అమ్మకాలు ఆపేశాయి. పార్టులు దొరుకుతున్నాయి, కానీ హైదరాబాద్‌లో ఉన్నవాడికి రెండ్రోజుల పని మనకి రెండు వారాలు పట్టొచ్చు.

మీ మెకానిక్‌ని ముందు కలవండి

కారు చూడ్డానికి పోకముందే చేయాల్సిన పని ఇది. మీ ఊళ్లోనో, వి.ఎం. బంజర్ సెంటర్‌లోనో, సత్తుపల్లిలోనో రేపు మీ బండి చూడబోయే మేస్త్రీ దగ్గరికి పోండి. "అన్నా, ఏ బండి మంచిది?" అని అడక్కండి. అలా అడిగితే తనకి ఇష్టమైంది చెప్తాడు. ఇలా అడగండి: "అన్నా, పోయిన నెలలో ఏయే బళ్లకి ఇంజన్ విప్పావు? దేనికి పార్టు దొరక్క ఆగింది?" అప్పుడు నిజం బయటికొస్తది. ఖమ్మంలో దొరకని పార్ట్ విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుద్ది, తెల్లారి పార్సిల్‌లో వచ్చేస్తది. అక్కడ కూడా దొరకని పార్ట్ ఉన్న బండి మనకి వద్దు.

ఇంకో సంగతి, దుమ్ము. సత్తుపల్లి చుట్టుపక్కల ఓపెన్ కాస్ట్ బొగ్గు గనులు, టిప్పర్లు తిరిగే రోడ్లు. అక్కడ తిరిగిన బండికి ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోద్ది. కొందరు ఫిల్టర్ తీసేసి, లేదా చినిగిన ఫిల్టర్‌తోనే నడిపేస్తారు. ఆ సన్న దుమ్ము లోపలికి పోయి పిస్టన్ రింగుల్ని గీరేస్తది, ఇంజన్ ఆయిల్ తాగడం మొదలెడుతుంది. బోనెట్ ఎత్తగానే ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పి చూడండి. ఫిల్టర్ దాటాక లోపలి పైపులో దుమ్ము ఉందంటే, వెనక్కి తిరగండి.

కారు చూసే రోజు: వరసగా చేయాల్సినవి

పొద్దున్నే పోండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. చల్లటి ఇంజన్ అబద్ధం చెప్పదు. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడగండి, ఇంకోరోజు వస్తానని చెప్పండి.

స్టార్ట్ చేయకముందే ఆయిల్ గేజ్ తీసి చూడండి. పెట్రోల్ ఇంజన్ ఆయిల్ గోధుమ రంగులో, కొంచెం నల్లగా ఉంటే తప్పేం లేదు. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల టార్చ్ కొట్టండి. తారు లాంటి మడ్డి కనిపిస్తే ఆయిల్ మార్చలేదని అర్థం. టీ పాలల్లా తెల్లగా నురగ ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ అనుమానం. తర్వాత కూలెంట్ డబ్బా. పచ్చగానో, ఎర్రగానో, ఇంకో రంగులోనో శుభ్రంగా ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే బోరు నీళ్లు పోసి నడిపారన్నమాట. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్ లోపల తెల్ల పొర కట్టేస్తది, ఎండాకాలంలో బండి హీట్ ఎక్కుద్ది. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తెరవకండి, మొహం కాలిపోద్ది.

ఇప్పుడు తాళం తిప్పండి. ఇంజన్ స్టార్ట్ అవ్వకముందు చెక్ ఇంజన్ లైట్ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. మొదట్లో అసలు వెలగలేదంటే, ఎవరో ఆ లైట్‌ని పీకేసి ఉండొచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యండి, సౌండ్‌తో సహా. స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు గలగలమని చెయిన్ శబ్దం వచ్చిందా? వచ్చి ఆగకుండా ఉంటే చెయిన్ సాగింది. ఆ వీడియో మీ మేస్త్రీకి పంపండి, వింటే ఆయనకి తెలుస్తది.

వెనక సైలెన్సర్ దగ్గర ఇంకొకళ్లని నిలబెట్టండి. పొద్దున పూట కాస్త ఆవిరి, నీటి చుక్కలు మామూలే. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తూనే ఉంటే కూలెంట్ కాలుతోంది. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, సెన్సార్‌తోనో ఇంజెక్టర్‌తోనో పోయే పని కావచ్చు.

ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత వదులు చేసి, తలకిందులుగా అక్కడే పెట్టండి. కొంచెం కదిలితే పర్లేదు. ఎగిరి పడుతూ, పొగ బుస్సుమని వస్తుంటే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగులు అరిగాయన్నట్టు. ఆ బండికి ఇంజన్ పని దగ్గర్లోనే ఉంది.

ఏసీ ఆన్ చేసి ఇరవై నిమిషాలు అలాగే వదిలేయండి. ఫ్యాన్ తిరిగి ఆగుతూ ఉండాలి, హీట్ ముల్లు మధ్యలో నిలబడాలి. ఈలోపు కింద ఒక పాత పేపర్ పరిచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయేమో చూడండి. వంగి ఆయిల్ చాంబర్‌కి రాయి దెబ్బ ఉందేమో కూడా చూడండి. మన లోపలి రోడ్లమీద ఇది మామూలు దెబ్బే, కానీ వెల్డింగ్ పెట్టిన చాంబర్ అయితే అడగాలి, "అప్పుడు ఆయిల్ మొత్తం పోయాక ఎంత దూరం నడిపారు?" అని.

తర్వాత డ్రైవ్. స్పీడ్ అందుకున్నాక యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసేయండి. కొద్ది సెకన్లు ఆగి మళ్లీ నొక్కి, అద్దంలో వెనక చూడండి. ఆ నిమిషంలో నీలం పొగ వస్తే వాల్వ్ సీల్స్ పోయాయి. ఇది పొరుగింటి సందులో తిప్పితే తెలీదు, హైవే మీదికి తీసుకెళ్లాలి.

ఆఖరిది, కంప్రెషన్ టెస్ట్. ప్లగ్గులు విప్పి గేజ్ పెట్టి చూస్తారు. అరగంట పని. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తది. అంకె కన్నా ముఖ్యం, సిలిండర్ల మధ్య తేడా. అన్నీ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 10, 15 శాతం కన్నా ఎక్కువ తగ్గిందంటే ఆ సిలిండర్‌లో ఏదో ఉంది. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే, అదే మీకు జవాబు.

మీ జేబులో ఫోన్ ఉంది కదా, వాడండి

2013 తర్వాత వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ స్కానర్ దొరుకుద్ది. ఫోన్‌లో యాప్ వేసుకుని తగిలిస్తే చాలు. దాచిన ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. ఇంకో కిటుకు కూడా చెప్తా. కొందరు మీరు వచ్చే అరగంట ముందు కోడ్లు చెరిపేస్తారు. అప్పుడు యాప్‌లో రెడీనెస్ అనే చోట చాలా టెస్టులు పూర్తి కాలేదు అని చూపిస్తది. రోజూ తిరిగే బండికి అలా ఉండకూడదు.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనర్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా అన్నవి కనిపిస్తాయి. సర్వీస్ సెంటర్‌కి ఓనర్‌తోనే ఫోన్ చేయించి సర్వీస్ హిస్టరీ తెప్పించండి. పోయిన సర్వీస్‌లో 82 వేలు ఉండి, ఇవాళ మీటర్ మీద 61 వేలు ఉంటే ఇక మాట్లాడేదేముంది? టైర్ మీద నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. బండి 30 వేలే తిరిగిందంటారు, టైర్లు చూస్తే రెండోసారి మార్చినవి. లెక్క కుదరదు కదా.

వరద బండి: మన ప్రాంతంలో ఇది తప్పక చూడాలి

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్లమీదికి వచ్చాయి. మనం బళ్లు కొనేది ఎక్కువగా ఈ మూడు వైపుల నుంచే. అక్కడి బళ్లన్నీ మునిగినవే అని కాదు. కానీ చెక్ చేయకుండా కొనడం మాత్రం తప్పు.

మునిగిన ఇంజన్‌లో ఏమవుద్దంటే, గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోద్ది. బాగా వంగితే ఇంజన్ అక్కడే ఆగుద్ది. కొంచెం వంగితే? స్టార్ట్ అవుద్ది, నడుస్తది, అమ్ముడు కూడా పోద్ది. కొన్ని నెలల తర్వాత హైవే మీద రాడ్ విరిగి బ్లాక్‌ని చీల్చుకుని బయటికొస్తది. రాడ్ వంగిన సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి రాదు, కంప్రెషన్ తగ్గుద్ది. అందుకే ఇందాక ఆ టెస్ట్ గురించి అంతగా చెప్పా.

ఇంకొన్ని గుర్తులు. సీట్ బెల్ట్ మొత్తం బయటికి లాగండి, చివర్లో బురద గీత ఉంటుంది. స్టెప్నీ గుంటలో, సీటు కింద రైలు బోల్టుల్లో తుప్పు చూడండి. ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చగా, తెల్లగా చిలుం పట్టిందా చూడండి. పదేళ్ల కారులో కొత్త కార్పెట్, ఘాటు సెంటు వాసన ఉంటే, ఎందుకని అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర కూడా తీయించండి.

ఈ20 పెట్రోల్ పోస్తే పాత ఇంజన్ పోద్దా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లను దీనికి తగ్గట్టు తయారు చేస్తున్నారు. అంతకు ముందు బళ్లలో మైలేజీ కొంత తగ్గుద్ది. 2021లో నీతి ఆయోగ్ నివేదిక పాత డిజైన్ కార్లకి 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని లెక్క వేసింది. పాత రబ్బరు పైపులు, సీళ్లు తొందరగా గట్టిపడొచ్చు, చీలొచ్చు. కొన్నాక ఫ్యూయల్ పైపులు ఒకసారి చెక్ చేయించండి, పగుళ్లుంటే మార్చేయండి. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తది. అందుకని వానాకాలంలో బండిని నెలల తరబడి కదపకుండా పెట్టొద్దు. వారానికోసారి పది కిలోమీటర్లు తిప్పండి.

కాగితాల దగ్గర ఒక్క నిమిషం

మనం రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉన్నాం. తిరువూరు అంటేనే ఆంధ్రా. అక్కడి బండి చవకగా వచ్చిందని తెస్తే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఈ రెండూ కలిపి లెక్కేశాకే చవకో కాదో తేల్చండి. ఏపీ 20 నంబర్ చూసి మాత్రం భయపడొద్దు. రాష్ట్రం విడిపోకముందు అది మన ఖమ్మం జిల్లా నంబరే. కాకపోతే 15 ఏళ్ల లెక్క చూడండి. 2011లో రిజిస్టర్ అయితే 2026తో నిండుతాయి. తర్వాత ఫిట్‌నెస్, రెన్యువల్ ఫీజు, గ్రీన్ ట్యాక్స్ మీ ఖర్చే.

అందరూ అడిగేవి

గ్యాస్ కిట్ ఉన్న పెట్రోల్ కారు కొనొచ్చా? కంపెనీ ఫిట్టింగ్ అయితే, ఆర్సీలో ఎక్కి ఉంటే కొనొచ్చు. బయట పెట్టించిన కిట్ అయితే వాల్వ్ సీట్లు తొందరగా అరుగుతాయి. కంప్రెషన్ టెస్ట్ లేకుండా ముట్టుకోవద్దు.

తక్కువ తిరిగిన బండా, ఎక్కువ తిరిగిన బండా? ఎనిమిదేళ్లలో 20 వేలు తిరిగి షెడ్డులో పడున్న బండి కన్నా, 80 వేలు తిరిగి ప్రతి సర్వీస్ బిల్లూ ఉన్న బండి మేలు. నిలబడిన ఇంజన్‌లో సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోల్ చెడిపోద్ది.

ఆటోమేటిక్ తీసుకోవచ్చా అన్నా? ఇంజన్ బాగున్నా గేర్‌బాక్స్ వేరే కథ. దానికోసం ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

కొన్నాక మొదట ఏం చేయాలి? అమ్మినవాళ్లు నిన్నే మార్చాం అన్నా సరే, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, ప్లగ్గులు మీ చేత్తో మార్పించండి. కొనే బడ్జెట్‌లో పదో వంతు దీనికి, చిన్న చిన్న పనులకి పక్కన పెట్టుకోండి. మూడు లక్షలు ఉంటే రెండు లక్షల డెబ్బై వేల కారే చూడండి.

ఆఖరి మాట తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఇంట్లో నాన్నకి, బాబాయికి కారు నచ్చాక మీరు వద్దనడం కష్టమే. అడ్వాన్స్ ఇచ్చేశాక ఇంకా కష్టం. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే పొద్దున్నే కోల్డ్ స్టార్ట్, కంప్రెషన్ టెస్ట్, సర్వీస్ హిస్టరీ, ఈ మూడూ అయిపోవాలి. ఒక్కటి కుదరకపోయినా ఆ బండి వదిలేయండి. వారం ఆగితే ఇంకోటి వస్తది. ఇంట్లో కారు చూసేవాళ్లుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి.